అందరికీ వేసిన తాళం

ఇనప బీరువాలో ఊరగాయ జాడీలు పెట్టిన రోజే నా కొలువు పోయింది. పొమ్మని ఎవరూ అనలేదు. తాళంచెవుల గుత్తి నా మొలతాడుకే వేలాడుతూ ఉంది. కానీ ముప్పై ఏండ్లు ఓటర్ల జాబితాలూ, కోర్టు కాగితాలూ, ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో రాసుకున్న నోటుబుక్కులూ దాచిన బీరువాలో ఆవకాయ, చింతకాయ, నిమ్మకాయ వరసగా కూర్చున్నాయి. వంటింట్లో నుంచి పూటకొకసారి పిలుపు వచ్చేది, కొంచెం బీరువా తీయమని. ఒకప్పుడు నేను ఆ బీరువా తీస్తే జీపులు బయలుదేరేవి. ఇప్పుడు సంగటిలోకి చింతకాయ బయలుదేరుతోంది.

ఇది రెండువేల ఆరో సంవత్సరం, మండలం ఎన్నికలప్పటి మాట. జమ్మలమడుగుకు ఆరు మైళ్ళలో మా ఊరు. ఊళ్ళో పెద్దిల్లు రమణమ్మది. ఆమె భర్తను మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. ఎర్రగుంట్ల దోవలో ఆయన జీపు మీద బాంబులు పడి అప్పటికి తొమ్మిదేండ్లు. కర్మంతరం అయిన మరునాడే ఆమె వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి పార్టీ ఆమెదే, పగ ఆమెదే, మేమూ ఆమెవాళ్ళమే.

నా తాళంచెవి సంగతి కూడా మీకు తెలియాలి. పెద్దాయన బతికుండగా ఒకసారి ప్రొద్దుటూరు నుంచి బస్సులో వస్తుంటే అవతలి పార్టీ వాళ్ళు నలుగురు ఎక్కారు. బీరువా చెవి నా దగ్గరే ఉందని వాళ్ళకు తెలుసు. నేను నిదానంగా అరటిపండు ఒలిచి, చెవిని అందులో గుచ్చి మింగేశాను. చిన్న చెవి కాదు, జానెడుంటుంది. మూడు రోజులు ఇల్లంతా నా కోసం ఎదురుచూసింది. పెద్దాయన మనిషిని పంపి ఆముదం తెప్పించాడు. మూడో రోజు పొద్దునకు ఊళ్ళో అరుగులన్నీ నిండిపోయాయి. అవతలి పార్టీ వాళ్ళు కూడా వచ్చి దూరంగా నిలబడ్డారని చెబుతారు. చెవి చింతపండుతో తోమినట్టు తళతళలాడుతూ బయటికి వచ్చింది. ఇది అబద్ధమైతే ఎర్రగుంట్ల సిమెంటు మూటలకు రెక్కలు మొలిచి ఎగిరిపోవాలి.

ఇంకోటి, ఈ ఎన్నికలకు ఐదేండ్ల ముందటిది. మా వైపు పోలింగు ఏజెంట్ల పేర్లు చివరి గడియ దాకా బయటికి రానివ్వరు. పేరు తెలిస్తే ఆ మనిషిని బెదిరిస్తారు, లేదంటే కొంటారు, రెండూ కాకపోతే ఎత్తుకుపోతారు. మన ఏజెంటు లేని బూతులో ఎవరి ఓటు ఎవరు వేసినా అడిగే దిక్కుండదు. ఆ జాబితా రాసేది నేను, బీరువాలో పెట్టేది నేను, పోలింగు రోజు మా ఊరి బడిలో ఒకటో నంబరు బూతులో కూర్చునేదీ నేను. బడి అయ్యవారి కుర్చీ అది. ఎనిమిదో తరగతితో నేను విడిచిపెట్టిన బడిలోకి ఐదేండ్లకొకసారి అయ్యవారిలాగా పోయి కూర్చునేవాణ్ణి. ఆ పొద్దున బూతుకు పోతుంటే కాలువ గట్టు దగ్గర నన్ను పట్టుకుని శనక్కాయల గోడౌన్లో వేశారు. పేర్లు చెప్పమన్నారు. చెప్పాను. అరవై పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాను, అన్నీ చచ్చిపోయినవాళ్ళవి. వాళ్ళు మూడు జీపుల్లో ఊరూరా తిరిగి తిరిగి చివరికి శ్మశానాల్లో తేలారు. ఈ కథ చెప్పినప్పుడల్లా వాకిట్లో అందరూ కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళు. రమణమ్మ ఒక్కతే నవ్వేది కాదు. ఆమెకు హాస్యం తక్కువని నేను సరిపెట్టుకున్నాను.

అట్లాంటి ఇంటికి ఎలిజబెత్ వచ్చింది.

ఇరవై ఐదేండ్ల పిల్ల. వాళ్ళ నాయన సత్యానందం జమ్మలమడుగులో మిషను బడి అయ్యవారుగా చేసి, రిటైరై, మా ఊరి చివర చర్చి పక్కన ఇల్లు కట్టుకున్నాడు. పిల్ల ప్రొద్దుటూరులో కంప్యూటరు నేర్చుకుని, పులివెందులలో ఒక ఆఫీసులో రెండేండ్లు పనిచేసి వచ్చింది. మండలం ఓటర్లందరినీ కంప్యూటర్లోకి ఎక్కించాలని రమణమ్మ ఆ పిల్లను పిలిపించింది. విత్తనాల గదికి సున్నం కొట్టించి, మేజా వేయించి, దాని మీద కంప్యూటరు పెట్టించింది. దుమ్ము పడకుండా దానికో గుడ్డ. ముప్పై ఏండ్లలో నా బీరువాకు ఎవరూ గుడ్డ కప్పలేదు.

నెల తిరిగేసరికి ఎలిజబెత్ ఓటర్ల జాబితాలో రెండేసి చోట్ల ఉన్న పేర్లన్నీ ఏరి బయట పెట్టింది. నేను ఏండ్ల తరబడి కాపాడుకుంటూ వచ్చిన పదకొండు మంది చచ్చిపోయిన ఓటర్లను ఒక్క మధ్యాహ్నంలో మళ్ళీ చంపేసింది. రమణమ్మ ఆ కాగితం చూసి తలాడించింది. ఆమె తలాడించడం నేను ఏడాదికొకసారి చూసేవాణ్ణి. ఆ పిల్ల నెలలోనే సంపాదించింది.

కంప్యూటర్లో మా ముగ్గురికీ మూడు వాకిళ్ళు పెట్టింది. తెర వెలిగితే మూడు పేర్లు కనిపిస్తాయి, పేరు పక్కన బొమ్మ. ఎవరి పేరు వాళ్ళు నొక్కి, ఎవరి గుర్తుమాట వాళ్ళు కొట్టి లోపలికి పోవాలి. రమణమ్మ పేరు పక్కన గుర్రం. ఎలిజబెత్ పేరు పక్కన పువ్వు. నా పేరు పక్కన పసుపుపచ్చ బాతు. నాకు బాతెందుకని అడిగితే, అది దానంతటదే వచ్చిందని చెప్పింది. గుర్రం మాత్రం దానంతటదే రాలేదు కదా.

గుర్తుమాట కొట్టడం నాకు పెద్ద పని. నా కుడిచేతి రెండు వేళ్ళు వంకర. బీరువా తలుపు సందులో పడ్డాయని అందరికీ చెబుతుంటాను. ఆ వేళ్ళతో ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టేసరికి తెర ఆరిపోయేది.

లోపల అంతా అరలు. వాటిని ఫోల్డర్లంటారు. ఇంట్లో గదుల మాదిరేనని ఆ పిల్ల నాకు విడమరచి చెప్పింది. ఏ గదిలోకి ఎవరు పోవచ్చు, పోయినవాళ్ళు చూసి రావడమేనా లేక సామాను సర్దవచ్చునా అని ప్రతి గదికీ ఒక పట్టీ ఉంటుంది. ఆ పట్టీలో పేరుంటే తలుపు తెరుచుకుంటుంది, లేకుంటే లేదు. విని నేను లోపల్లోపల నవ్వుకున్నాను. ముప్పై ఏండ్లు నేను చేసిన పని అదే. ఫలానావాడికి వాకిలి దాకా, ఫలానావాడికి నడవ దాకా, ఫలానావాడికి బీరువా దాకా. ఆ పట్టీ నా కడుపులో ఉండేది.

ఓటర్ల అర నాకు తెరుచుకుంది. ఖర్చుల అర తెరుచుకుంది. ఎన్నికలకు పది రోజులుండగా 'ఏజెంట్లు' అనే కొత్త అర కనిపించింది. నొక్కాను. టంగుమని మోగింది. తెర మీద ఎర్ర గుండ్రంలో ఇంటూ గుర్తు, పక్కన ఇంగ్లీషులో ఒక ముక్క. కూడబలుక్కుని చదివాను. నీకు ప్రవేశం లేదు.

"ఇదేంది పాపా? నాకు తెరుచుకోదే" అన్నాను.

"అమ్మ చెప్పినారు తాతా" అంది ఎలిజబెత్, తల తిప్పకుండా.

రమణమ్మను పోయి అడగొచ్చు. కానీ ఆ ఇంట్లో 'ఎందుకు' అని అడిగినవాళ్ళు లేరు. పెద్దాయన ఉన్నప్పుడూ లేరు. అడగకపోవడమే అక్కడ నమ్మకం. నేను అడగలేదు. అన్నం మాత్రం సయించలేదు.

ఆ వారంలో సత్యానందం రెండు సార్లు వచ్చాడు. తెల్లచొక్కా, తెల్లపంచ, చంకలో గొడుగు. రమణమ్మ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడింది. కాఫీ వచ్చింది. నాకు ముప్పై ఏండ్లుగా గ్లాసులో వస్తుంది. ఆయనకు సాసరుతో సహా వచ్చింది. ఆ సాసరు చూసినప్పుడు నాకు అంతా తేటతెల్లమైపోయింది. ఒకటో నంబరు బూతు ఆయనకు రాశారు. జాబితా కొట్టింది కూతురు, కుర్చీలో కూర్చునేది నాయన. అందుకే నా మొహాన తలుపు వేశారు.

కండ్ల పరీక్ష అని ఇంట్లో చెప్పి ప్రొద్దుటూరు బస్సెక్కాను. అక్కడ బట్టల అంగడి మేడ మీద ఖలందర్ కంప్యూటర్లు నేర్పిస్తాడు. వాళ్ళ నాయనా నేనూ ఒక బడిలో చదివినవాళ్ళం. మూడు సార్లు పోయాను. అరకు తాళం ఎట్లా వేస్తారో, పట్టీలో పేరు ఎట్లా చేరుస్తారో, ఎట్లా తీస్తారో నేర్పించాడు. పట్టీలో 'ఎవ్రీవన్' అని ఒక పేరు చేర్చవచ్చునట. అంటే అందరూ. ఆ పేరు పక్కన 'డినై' అనే గడిలో టిక్కు పెడితే అందరికీ వద్దన్నట్టు.

"దాంతో మాత్రం ఆటలొద్దు మామా" అన్నాడు ఖలందర్. "ఒగసారి వద్దన్నాక, పక్కన నువ్వు సరే అని రాసినా అది వినదు. వద్దన్న మాటదే పైచెయ్యి."

"నువ్వు పుట్టకముందు నుంచి గడప కాస్తాండా. నాకు వద్దనేది నేర్పిస్తావా" అన్నాను. వాడు నవ్వి టీ తెప్పించాడు.

పెద్దింటి గేటు దగ్గర పీర్ సాహెబ్ కాపలా ఉంటాడు. లోపల ముఖ్యమైన మాటలు జరిగేటప్పుడు రమణమ్మ కేకేస్తుంది, ఎవర్నీ పంపొద్దని. పీర్ సాహెబ్ ఆమె సొంత అన్ననే ఆపుతాడు, సర్కిల్ ఇనస్పెక్టరును ఆపుతాడు. నేను పోతే పక్కకు జరుగుతాడు. ఎవర్నీ అంటే నేను కాదని చెప్పాల్సిన పని లేదు. మా వైపు ఏ ఇంట్లోనైనా అంతే. అందరికీ వద్దన్నవాడు ఆ అందరిలో ఉండడు, వాడి నమ్మినబంటు కూడా ఉండడు. ఈ చిన్న మర్యాద కంప్యూటరుకు కూడా తెలిసే ఉంటుందనుకున్నాను.

పోలింగు శనివారం. శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో ఉపవాస ప్రార్థన. ఎలిజబెత్ తప్పకుండా పోతుంది. పోయే ముందు తెరకు తాళం వేసి పోతుంది. ఆ రోజు ఓటరు చీటీలు అచ్చవుతున్నాయి, నాలుగు వందల కాగితాలు. మధ్యలో ఆపితే ఎక్కడ తప్పిపోతుందోనని యంత్రాన్ని అట్లాగే వదిలి, నా వైపు తిరిగి, "తాతా, కాగితం ఇరుక్కుంటే లాగండి, గంటలో వస్తా" అని చున్నీ సర్దుకుని వెళ్ళిపోయింది. నన్ను నమ్మి పోయింది. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. తట్టిందేమో, పక్కకు తోసేశాను.

ఆమె కుర్చీలో కూర్చున్నాను. పువ్వు బొమ్మ వాకిట్లో బాతు బొమ్మవాడు. 'ఏజెంట్లు' అర మీద కుడి పక్క మీట నొక్కి పట్టీ తెరిచాను. రెండే పేర్లు. రమణమ్మ, ఎలిజబెత్. పెండ్లి పత్రికలో పెదనాయన పేరు మరిచిపోయినట్టు ఉంది.

రెండు నొక్కులు నొక్కితే అర తెరుచుకునేది. జాబితా చదివి, నా పేరుందో లేదో చూసుకుని లేచిపోవచ్చు. మీరూ ఇదే అడుగుతారు, ఎందుకు చూడలేదని. నిజం చెబుతాను. కుళ్ళుమోతుకు ఆకలుండదు. నాకు వడ్డించకపోయినా సరే, ఆ పిల్ల ముందర నుంచి విస్తరి లేవాలి, అది కావాలి నాకు. నాకు మోగిన టంగు ఆమెకూ మోగాలి. అది రమణమ్మ వినాలి. అప్పుడు నేను పోయి కూర్చుని ఆ తలుపు తీయాలి.

పట్టీలో అందరూ అని చేర్చాను. వద్దు అనే గడిలో టిక్కు పెట్టాను. కింద నా పేరు చేర్చి అన్నిటికీ సరే అని టిక్కులు పెట్టాను. వంకర వేళ్ళతో ఇంత పని చేసేసరికి చెమటలు పట్టాయి. అప్పుడు కంప్యూటరు ఒక చిన్న చీటీ చూపించింది. నువ్వు వద్దంటున్నావు, వద్దన్నదే పైన ఉంటుంది, అయినా చేస్తావా అని. మా సీమలో ఒక మనిషిని 'నిజంగా చేస్తావా' అని అడిగితే, చేయను అని ఎవడంటాడు? చేస్తానని నొక్కాను.

ఆ తర్వాత బుద్ధిగా కూర్చుని ఇరుక్కున్న కాగితాలు రెండు సార్లు లాగాను. పని పనే, కోపం కోపమే.

మూడు గంటలకు రమణమ్మ గదిలోకి వచ్చింది. చేతిలో ఏజెంట్ల ఫారాలు. వాకిట్లో జీపు సిద్ధంగా ఉంది. పేర్లు చూసి ఫారాల మీద రాసి, సంతకం పెట్టి, ఒక్కొక్కరిని పిలిచి ఎవరిది వాళ్ళకే ఇవ్వాలి. పొద్దుగూకేలోపు అరవై ఫారాలు పదిహేను ఊళ్ళకు చేరాలి. ఎలిజబెత్ అప్పుడే ప్రార్థన నుంచి వచ్చి కూర్చుంది. అర నొక్కింది.

టంగుమంది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ మోగింది. అబద్ధమెందుకు, నా చెవికి అది నాదస్వరంలా ఉంది.

"ఏమైంది పాపా?" అంది రమణమ్మ.

"తెరుచుకోలేదమ్మా. పొద్దున తెరుచుకునింది."

అంతవరకూ ఆ పిల్ల నోట తెరుచుకోలేదనే మాట నేను వినలేదు. నేను గోడకు ఆనుకున్నవాణ్ణి నిదానంగా లేచాను. మొలతాడుకు చెవుల గుత్తి గలగలమంది. ఒకసారి నేను చూస్తాను, తప్పుకోమన్నాను. ఎలిజబెత్ లేచి నిలబడింది. నా వాకిట్లో నుంచి నేను పోతానని చెప్పి, బాతును నొక్కి, గుర్తుమాట ఒక్కొక్క అక్షరమే కొట్టాను. రమణమ్మ వెనక నిలబడి చూస్తోంది. ఒకటో నంబరు బూతు, అయ్యవారి కుర్చీ, సాసరుతో కాఫీ, అన్నీ నా కండ్ల ముందు కదిలాయి. అర నొక్కాను.

టంగుమంది.

మళ్ళీ నొక్కాను. ఇంకోసారి నొక్కాను. ఎర్ర గుండ్రం అట్లాగే చూస్తోంది. కరెంటు తక్కువగా వస్తున్నట్టుందని గొణిగాను. గదిలో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. జీపు డ్రైవరు వాకిట్లో హారను కొట్టాడు.

"లేయండి తాతా" అంది ఎలిజబెత్.

ఆమె మళ్ళీ తన వాకిట్లోకి పోయి, అర తెరవకుండా, పట్టీ తెరిచింది. ఆ మాట నాకు తట్టనే లేదు. తలుపు మూసుకున్నా పట్టీ కనపడుతుందని. అందరూ, వద్దు. దాని కింద ఒకే ఒక పేరు, అన్నిటికీ సరే. దొంగ ఇంట్లో చొరబడి, గోడ మీద తన పేరూ ఊరూ రాసి పోయినట్టుంది.

ఎలిజబెత్ ఆ పేరు వైపు చూసింది. నా వైపు చూడలేదు. "పట్టీ మారిపోయిందమ్మా, సరిచేస్తా" అని మాత్రం అంది. ఎట్లా చేస్తావని రమణమ్మ అడిగితే, అర చేసినవాళ్ళ మాట అది ఎప్పుడూ వింటుందని, ఎవరు ఎంత గట్టిగా వద్దన్నా, చేసినవాళ్ళు పట్టీ మార్చుకోవచ్చని చెప్పింది. చెబుతూనే నా పేరు మీద బాణం గుర్తు పెట్టి తీసేయబోయింది. అది మాయమైపోతే ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల నన్ను కాచింది. కానీ రమణమ్మ అప్పటికే కండ్లద్దాలు పెట్టుకుని వంగింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం ఆమెకూ వచ్చు.

"ఇది నీ పేరే కదా మామా?"

"నేనేమ్మా" అన్నాను.

"అందరికీ వద్దని రాస్తివి. నువ్వు అందర్లో లేవా?"

"పీర్ సాహెబ్ నన్ను ఏనాడూ ఆపలేదు కదమ్మా."

"పీర్ సాహెబ్‌కు మొగమాటం ఉండాది. దీనికి యాడుంది?"

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎలిజబెత్ రెండు నొక్కుల్లో పట్టీ శుభ్రం చేసింది. అర తెరుచుకుంది. జాబితా తెర మీద పరుచుకుంది. నేను వెనక్కి తిరిగి పోయి ఉండాల్సింది. కండ్లు ఊరుకోలేదు. మొదటి వరస, ఒకటో నంబరు బూతు, నా పేరే, ఆదినారాయణ. పేరు చివర గారు అని కూడా కొట్టింది ఆ పిల్ల. ఇంకెవరికీ గారు లేదు.

"చూస్తివా?" అంది రమణమ్మ.

"చూస్తినమ్మా."

"ఎన్ని పేర్లు చూస్తివి?"

అబద్ధం చెప్పవచ్చు. జీవితమంతా చెప్పాను. "తెర మీద కనిపించినంత వరకు" అన్నాను.

ఆమె ఫారాలు మేజా మీద పెట్టింది. "అయితే రేపు నువ్వు గడప దాటేది లేదు. జాబితా తెలిసినోళ్ళు బయటికి పోకూడదు. బయటికి పోయేటోళ్ళకు జాబితా తెలియకూడదు. అందుకే నీకు చూపొద్దంటి. ఆ కుర్చీ నీకోసం పెట్టి, నీకు చూపొద్దంటి."

నేను నోరు తెరిచాను. పోయినసారి గోడౌన్లో కూడా నా నోట్లో నుంచి ఒక్క బతికినవాడి పేరు రాలేదని చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తింది.

"నువ్వు చెప్పిన అరవై మందిలో నలుగురు బతికినోళ్ళు ఉండిరి మామా. ఆ నాలుగు బూతుల్లో మధ్యాహ్నానికి మనోళ్ళు ఎవురూ లేరు." ఎలిజబెత్ తల దించుకుని మీటల మీది దుమ్ము తుడుస్తోంది. రమణమ్మ గొంతు తగ్గించింది. "నిన్ను అంటాండానని అనుకోవద్దు. ఆ సాయంత్రం నీ వేళ్ళు నేను చూసినా. తెలిసినోణ్ణి కొడితే చెప్తాడు. తెలియనోణ్ణి ఎంత కొట్టినా ఏం చెప్తాడు?"

ఐదేండ్లు. ఐదేండ్లు వాకిట్లో నేను శ్మశానాల కథ చెప్పి నవ్విస్తుంటే ఆమె ఎందుకు నవ్వలేదో ఆ రోజు తెలిసింది. బీరువా తలుపు సందు కథ కూడా ఆమె ఎన్నిసార్లు వినిందో. ఒక్కసారీ కాదనలేదు.

ఆమె కలం తీసుకుని ఒకటో నంబరు ఫారం మీద ఒక నిమిషం ఆగింది. మీ నాయన ఇంట్లో ఉన్నాడా అని ఎలిజబెత్‌ను అడిగింది. ఆ పిల్ల నా వైపు మొదటిసారి చూసింది. ఉన్నాడని చెప్పింది. సత్యానందం ఆ వారంలో రెండు సార్లు వచ్చినది, ఎన్నికల గొడవల్లో కూతురు సాయంత్రం ఇంటికి చేరే దారి గురించి మాట్లాడటానికట. ఆ కుర్చీ ఆయన అడగలేదు, ఆయన మనసులో కూడా లేదు. నేను ఆయన మీద పెట్టుకున్న అనుమానాన్ని నా చేతులతో నేనే నిజం చేసి, ఫారం రాయించి, సంతకం పెట్టించి ఇచ్చాను.

శనివారం పొద్దున నుంచి సాయంత్రం దాకా విత్తనాల గదిలో ఇద్దరమే. రమణమ్మ కాక జాబితా తెలిసినవాళ్ళు ఇద్దరం. ఆ పిల్ల ఓట్ల లెక్కలు ఎక్కించుకుంటోంది, ఫోను వస్తే రాసుకుంటోంది. నేను కిటికీలో నుంచి బడి వైపు చూస్తున్నాను. ఇక్కడి నుంచి బడి కనపడదు, చింతచెట్టు కొన మాత్రం కనపడుతుంది. మధ్యాహ్నం ఆమె, తాళంచెవి మింగిన కథ చెప్పమని అడిగింది, వాళ్ళ నాయన ద్వారా వినిందట. చెప్పాను. జానెడు చెవి అని మొదలుపెట్టి, వేలెడు దగ్గరికి దిగి, చివరికి అది బీరువాది కాదు, లోపలి చిన్న పెట్టెదని ఒప్పుకున్నాను. ఆమె నవ్వలేదు. మింగింది నిజమే కదా అని అడిగింది. నిజమే అన్నాను. అది నిజమే.

"బొమ్మ మార్చమంటారా తాతా?" అంది ఫోను పక్కన పెట్టి. "గుర్రం అమ్మది. చేప ఉండాది, పిల్లి ఉండాది."

బాతే ఉండనీ అన్నాను. పిల్లిని పెట్టుకుని, కండ్లు మూసుకుని పాలు తాగినవాడని అనిపించుకోవడం ఎందుకు?

సాయంత్రం ఆరుకు సత్యానందం వచ్చాడు. అదే తెల్లచొక్కా, భుజం మీద మట్టి. వాకిట్లో అందరూ చుట్టూ మూగారు. పొద్దున కాలువ గట్టు దగ్గర జీపు అడ్డం పెట్టి ఆయన్ను ఆపారట. కిందికి దించి, మొహం చూసి, ఆదినారాయణ ఎక్కడని అడిగారట. తెలియదన్నాడట. మిగతా బూతుల్లో ఎవరెవరని అడిగారట. తెలియదన్నాడట. ఆయనకు నిజంగానే తెలియదు. రెండు దెబ్బలేసి, ఈయన చేతిలో ఒక్క ఫారం తప్ప ఏమీ లేదని చూసి, కాసేపటికి వదిలేశారట. ఏడు గంటలకల్లా ఆయన బడిలో ఉన్నాడు. అరవై మందిలో ఒక్కరు కూడా తప్పలేదు.

అందరూ ఆయన భుజం తట్టారు. రమణమ్మ కుర్చీ వేయించింది, తలాడించింది. నేను బతికి బయటపడ్డానని నాకు సంతోషంగానే ఉంది. వాళ్ళు వెతికింది నన్నేనని తెలిసి ఇంకొంచెం సంతోషంగా ఉంది. అయినా ఆ దెబ్బలు కూడా ఆయనకే పోయాయే అని లోపల ఎక్కడో చిన్న మంట. నన్ను అదే గట్టు మీద అదే ప్రశ్న అడిగినప్పుడు, తెలియదని నిజంగా అనగలిగే అదృష్టం నాకు లేకపోయింది.

అయ్యవారు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఆయనకు సంగటి పెట్టమని రమణమ్మ కేకేసింది. వంటింట్లో నుంచి పిలుపు వచ్చింది. నేను లేచి, మొలతాడు నుంచి చెవి తీసి, బీరువా తెరిచాను. ముందు వరసలో ఈ ఏటి ఆవకాయ, ఇంకా గరిటె పెట్టని కొత్త జాడీ. దాన్ని వెనక్కి జరిపి, నిరుటి చింతకాయ జాడీ ముందుకు లాగాను.

వెనక అలికిడైతే తిరిగి చూశాను. గడప దగ్గర ఎలిజబెత్, ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. కొత్త జాడీ వైపు చూసింది, నిరుటి జాడీ వైపు చూసింది. గిన్నె చాచింది.

నిరుటిదే వేశాను. రెండు గరిటెలు ఎక్కువ వేశాను.